దయ్యం అంటారే గానీ, ఏం జరిగిందని అడగరు



ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్లు. ఈ పక్కకు వచ్చినవాళ్లకు ఇప్పుడు పెనుకొండ దగ్గర కొరియా అక్షరాల బోర్డులు కనబడతాయి. 2017లో కియా కార్ల కంపెనీ ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ పెట్టడానికి ఒప్పందం చేసుకుంది. 2019లో అక్కడ కార్ల తయారీ మొదలైంది. కొరియా వాళ్లతోపాటు వాళ్ల భోజనం వచ్చింది, వాళ్ల మాట వచ్చింది, మన పిల్లల చేతుల్లోకి వాళ్ల సినిమాలూ వచ్చాయి.

అక్కడ కారు నడిపే ఒక తమ్ముడు మా సంఘంలో ఉన్నాడు. "అయ్యగారూ, దీన్ని దయ్యం సినిమా అంటారు గానీ, నాకట్ల అనిపించల్యా. అమ్మగారూ మీరూ ఒకసారి చూడాల" అని ఒక డీవీడీ పెట్టె తెచ్చిచ్చినాడు. ఆ సినిమా పేరు 'ఎ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్', అంటే ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. దర్శకుడు కిమ్ జీ-ఊన్. 2003లో కొరియాలో విడుదలైతే 30 లక్షలకు పైగా జనం థియేటర్లలో చూశారు. ఆ తర్వాత టార్టాన్ అనే సంస్థ 'ఏషియా ఎక్స్‌ట్రీమ్' అనే వరుసలో బ్రిటన్, అమెరికా దేశాల్లో దాన్ని డీవీడీగా తెచ్చింది. 2009లో హాలీవుడ్ వాళ్లు 'ది అన్‌ఇన్వైటెడ్' పేరుతో మళ్లీ తీశారు.

భయపెట్టే సినిమాలు చూడండని మేము ఎవరికీ చెప్పము. చిన్నపిల్లలకు ఇది అసలే తగదు. అయితే ఇందులో ఉన్న ఒక సంగతి మన ఇళ్లలో రోజూ జరిగేదే. అందుకే రాస్తున్నాము. కథ మొత్తం చెప్పేస్తున్నాము, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

సూ-మి అనే అమ్మాయి మానసిక ఆసుపత్రిలో కొన్నాళ్లుండి ఇంటికి వస్తుంది. చెల్లెలు సూ-యన్ వెంటే ఉంటుంది. ఇంట్లో సవతి తల్లి ఉంది. తండ్రి ఉన్నాడు గానీ మాట్లాడడు, మాత్రలు మాత్రం చేతిలో పెడతాడు. రాత్రుళ్లు అలికిడి, బీరువాలో చప్పుడు, మంచం దగ్గర ఎవరో నిలబడినట్టు నీడ. సవతి తల్లి చెల్లెల్ని హింసిస్తూ ఉంటుంది. చూసేవాళ్లం ఆమెనే రాక్షసి అనుకుంటాము.

సినిమా చివరికి వచ్చాక గానీ తండ్రి నోరు తెరవడు. సూ-యన్ చనిపోయిందమ్మా అని పెద్దకూతురికి చెప్తాడు. చెల్లెలు ఎప్పుడో చనిపోయింది. ఆ పిల్లల తల్లి బీరువాలో ఉరేసుకుంటే, ఆమెను చూసి లాగబోయిన చెల్లెలి మీద ఆ బీరువానే పడింది. ఆ చప్పుడు సూ-మి విన్నది. కానీ అదే నిమిషంలో సవతి తల్లితో మాటామాటా పెరిగి కోపంగా బయటికి వెళ్లిపోయింది. ఆ భారం మోయలేక ఆమె మనసు చెల్లెల్ని బతికించుకుంది. సవతి తల్లి వేషం కూడా తానే వేసుకుంది. మనం ఇంట్లో ముగ్గురిని చూశామనుకున్న చోట, చాలాసేపు ఉన్నది ఆమె ఒక్కతే.

ఇది తెలిశాక రెండోసారి చూశాము. మొదటిసారి దయ్యం కోసం చూసిన కళ్లకు రెండోసారి ఒక బిడ్డ దుఃఖం కనబడింది. తండ్రి కొయ్యబారిన మొహానికి కూడా అర్థం తెలిసింది. మేము చూసింది రెండు డిస్కుల పెట్టె. రెండో డిస్కులో సినిమాలోంచి తీసేసిన సన్నివేశాలు, దర్శకుని మాటలతోపాటు ఒక మానసిక వైద్యుని వివరణ కూడా ఉంది. దయ్యం సినిమా పెట్టెలో మనసు డాక్టరును కూర్చోబెట్టారు! సినిమా మొదలయ్యేది కూడా డాక్టరుతోనే. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని ఆయన అడుగుతాడు. ఆ పిల్ల తల దించుకుని పలకదు.

ఈ కథ వేరు కొరియాలో జనం చెప్పుకునే ఒక పాత కథలో ఉంది. జంగ్‌హ్వా, హోంగ్‌ర్యన్ అని ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఒకరి పేరుకు గులాబి అని, ఇంకొకరి పేరుకు ఎర్రతామర అని అర్థం. సవతి తల్లి అక్క మీద నింద వేసి నీళ్లలో చంపిస్తుంది. చెల్లెలు కూడా అదే నీళ్లలో పడి చనిపోతుంది. తర్వాత ఆ ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి అధికారి దగ్గరికీ ఇద్దరూ రాత్రిపూట కనబడతారు. చూసిన అధికారి చూసినట్టే భయంతో గుండె ఆగి చనిపోతాడు. చివరికి ఒక అధికారి మాత్రం భయపడకుండా కూర్చుని, మీకేం కావాలని అడుగుతాడు. వాళ్లు జరిగింది చెప్తారు. ఆయన విచారించి న్యాయం చేస్తాడు. ఆ తర్వాత వాళ్లు కనబడరు. ఈ కథను కొరియా వాళ్లు 1924లోనే మూకీ సినిమాగా తీశారు.

ఆ పిల్లలు ఎవర్నీ చంపడానికి రాలేదు, చెప్పుకోవడానికి వచ్చారు. వినేవాడు ఒక్కడు దొరికేదాకా దయ్యాలుగా మిగిలిపోయారు.

ఇప్పుడు మన సంగతి. కొన్నేళ్ల కిందట ధర్మవరం దగ్గర ఒక మగ్గం ఇంటివాళ్లు పదిహేడేళ్ల బిడ్డను ప్రార్థనకు తీసుకొచ్చారు. "అయ్యగారూ, పాపకు గాలి సోకిండాది. పొద్దు గూకితే అరుస్తాది. కూడు తినేదిల్యా. ఎవురో మందు పెట్టినారు" అన్నది అవ్వ. అప్పటికే మెడలో నాలుగు తాయెత్తులు, చేతికి తాళ్లు. వేపమండలతో కొట్టిన గీతలు భుజం మీద ఇంకా ఆరలేదు. ప్రార్థన చేశాము. ఆ తర్వాత పెద్దవాళ్లను బయట కూర్చోమని, మేము ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చున్నాము. ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా అని అడిగాము. అవ్వ, నాయన, అమ్మ అని చెప్పి ఆగిపోయింది. చాలాసేపటికి, తమ్ముడు ఉండేవాడన్నది.

తమ్ముడు నీళ్ల సంపులో పడి చనిపోయాడు. ఆ సాయంత్రం మూత తీసి నీళ్లు చేదింది ఈ పిల్లే. తొమ్మిది నెలలుగా ఆ ఇంట్లో వాని పేరు ఎవరూ ఎత్తలేదు. ఫోటో గోడ మీద నుంచి తీసేశారు, బట్టలు ఎవరికో ఇచ్చేశారు. బిడ్డ బాధపడుతుందని, మంచికే అనుకుని చేశారు. నువ్వే చంపినావని ఒక్కరూ అనలేదు. నీ తప్పు కాదని కూడా ఒక్కరూ అనలేదు.

ఆ రోజు తల్లిని లోపలికి పిలిచాము. తల్లి, బిడ్డ పట్టుకుని ఏడ్చిన ఏడుపు వీధిదాకా వినబడింది. వారం తిరగకముందే వాళ్లను బెంగళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రికి తీసుకుపోయాము. మందులు నెలల తరబడి వాడాల్సి వచ్చింది. ఇప్పటికీ వానాకాలంలో కొన్ని రాత్రులు నిద్ర పట్టదంట. కానీ మగ్గం మీద కూర్చుంటోంది, కూడు తింటోంది. ఫోటో మళ్లీ గోడకెక్కింది.

అయ్యగారు ప్రార్థన వదిలేసి డాక్టర్ల దగ్గరికి పంపిస్తున్నాడని కొందరు అంటారు. కాలు విరిగిన మనిషికి ప్రార్థన చేస్తాము, కట్టు కూడా కట్టిస్తాము. మనసు విరిగిన మనిషికి కూడా అంతే. మందులు వద్దు, ఉపవాసంతోనే పోతుందని చెప్పేవాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా వాళ్ల దగ్గర బిడ్డను వదిలిపెట్టి రాకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాక మంటల్లో కాలిపోతుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మనోరోగులు తప్పించుకోలేక చనిపోయారు. అక్కడ నయమవుతుందని నమ్మి ఇంటివాళ్లు వదిలిపోయినవాళ్లు వాళ్లు.

కాబట్టి మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఒక బిడ్డ ఉన్నట్టుండి మారిపోతే, ఎవరు ఏం పెట్టారని వెతకకముందు ఆ ఇంట్లో ఈ మధ్య ఏం జరిగిందో అడగండి. ఎవరైనా పోయారా, ఎవరి పేరు ఎత్తకుండా ఉన్నారు, ఆ బిడ్డ ఏం చూసింది, ఏం విన్నది. జవాబు వెంటనే రాకపోతే మళ్లీ పోయి కూర్చోండి. కొట్టనియ్యకండి, కట్టెయ్యనియ్యకండి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. 2022 నుంచి నడుస్తున్న ఉచిత సేవ అది. మీకు తోడు కావాలంటే మమ్మల్ని పిలవండి, ఆసుపత్రి దాకా మేమూ వస్తాము.