తుపాకీ ఆయనది, సంచి నాది

వేటకెళ్తున్నానని చెప్పగానే ఫోన్‌లో అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జింకనా? సల్మాన్ ఖాన్ కేసు గుర్తులేదా? జైల్లో పెడతార్రా!" అంది.

అమ్మ భయంలో తప్పులేదు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. కానీ నేనుంటున్నది న్యూజిలాండ్‌లో. ఇక్కడ లెక్క తిరగబడింది. గబ్బిలాలు తప్ప నేల మీద బతికే క్షీరదాలేవీ ఈ దేశానికి సొంతం కాదు. జింకలన్నీ బయటినుంచి తెచ్చి వదిలినవే. మేం వెళ్లబోయే కైమనావా అడవిలో సికా జింకల్ని 1905లో వదిలారు. వాటిని తినడానికి పులి లేదు, తోడేలు లేదు. లేత మొలకల్ని అవి మేసేస్తుంటే ముసలి చెట్ల కింద కొత్త చెట్లు లేవడం లేదు. అందుకే ఇక్కడి పరిరక్షణ శాఖ వేట పర్మిట్‌ను ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది.

"ఎవరు తెచ్చినా ప్రాణమే కదరా" అంది అమ్మ. దానికి నా దగ్గర జవాబు లేదు.

నన్ను రమ్మన్నది మా టీమ్‌లోని సీనియర్. ఇరవై ఏళ్లుగా వేటాడుతున్నాడు. నాకు తుపాకీ లైసెన్స్ లేదు కాబట్టి తుపాకీ ఆయనది, మాంసం మోసే సంచి నాది. ఆక్లాండ్ నుంచి టౌపో సరస్సు దాటి కారులో వెళ్లి, అక్కడినుంచి నడక. ఏప్రిల్‌లో, శుక్ర, శని, ఆదివారాలు.

లంచ్ టైమ్‌లో మ్యాప్ పరిచాం. కారు ఆపే చోటు నుంచి హట్‌కి నాలుగు కిలోమీటర్లే. "గంటన్నర" అన్నాను. ఆయన నవ్వి, మ్యాప్‌లో కాంటూర్ గీతలు లెక్కపెట్టమన్నాడు. ఒక్కో గీతకీ 20 మీటర్ల ఎత్తు. ముప్పై గీతలు లెక్కపెట్టాను. అంటే 600 మీటర్లు ఎక్కాలి. అలిపిరి నుంచి కొండెక్కినట్టే అనుకోండి. కాకపోతే మెట్లుండవు, నాచు పట్టిన వేర్లుంటాయి. దారిలో సోడా బండి కూడా ఉండదు. నా ఎస్టిమేట్ ఐదు గంటలకు మారింది.

తర్వాత నది. ఇక్కడి కొండ నదులు వానకి గంటల్లో పొంగుతాయి, మళ్లీ అంతే తొందరగా తగ్గుతాయి. "పొంగితే దాటం. ఆగుతాం" అన్నాడు. అందుకని సంచిలో ఒక రోజు తిండి అదనం. సెల్ సిగ్నల్ ఉండదు కాబట్టి, ఆపదలో శాటిలైట్‌కి సంకేతం పంపే బీకన్ అద్దెకు తీసుకున్నాం.

నన్ను భయపెట్టింది మాత్రం ఇంకొకటి. ఏప్రిల్ జింకలు జతకట్టే కాలం. మగ జింక అరుపును అనుకరిస్తూ వేటగాళ్లు దాన్ని దగ్గరికి రప్పిస్తారు. అంటే పొదల వెనక అరిచేది జింకే అయ్యుండక్కర్లేదు, ఇంకో మనిషి కావచ్చు. అలా వేటగాళ్లు వేటగాళ్లనే కాల్చేసిన ఘటనలు ఇక్కడ ఉన్నాయి. "తల, మెడ, భుజం మొత్తం కనపడాలి. ఒక్క శాతం అనుమానమున్నా ట్రిగ్గర్ మీదికి వేలు పోదు. ఖాళీ చేతుల్తో వస్తే పరువేం పోదు" అన్నాడాయన. నా కోసం మెరిసే నారింజ రంగు జాకెట్ కూడా తెచ్చాడు.

చివరిగా మా ఆవిడకి మెయిల్ రాశాను. కారు నంబర్, ఏ దారి, ఏ హట్, ఎవరెవరం. కింద రెండు లైన్లు: "ఆదివారం సాయంత్రం ఫోన్ రాకపోతే కంగారుపడకు, నది దగ్గర ఆగామని అనుకో. సోమవారం మధ్యాహ్నం 12 దాటితే మాత్రం 111కి ఫోన్ చేసి పోలీసులకి ఈ మెయిల్ చదువు."

తను ఏమీ అనలేదు. ప్రింట్ తీసి, సోమవారం 12 అన్నచోట ఎర్ర పెన్నుతో గీత గీసి, ఫ్రిజ్‌కి అంటించింది.

జింక దొరుకుతుందో లేదో తెలీదు. ఆ కాగితం మాత్రం నేనే వచ్చి తీయాలి. నెల రోజుల ప్లానింగ్ అంతా అందుకే.