గ్యాస్ ఎటు పోయింది?

మాది పామర్రు దగ్గర యానాది కాలనీ. మేం ఇద్దరు అన్నదమ్ములం. పెద్దోడు పాత కారు కొని బాడుగకు తిప్పుతాడు. చిన్నోడు హాస్టల్లో డిగ్రీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది వాడే మొదలు.

మే నెలలో కారు ఏసీ చల్లబడటం మానేసింది. ఆ ఎండలో అద్దాలు దించుకుని బెజవాడ దాకా బాడుగకు ఎవరొస్తారు? మెకానిక్ బానెట్ ఎత్తి, "కంప్రెసర్ పోయింది, మార్చాలి, ఇరవై వేలు" అన్నాడు. మా దగ్గరున్నవి చిన్నోడి ఫీజు డబ్బులే.

మనోళ్లం అడగటానికి జంకుతాం, తల ఊపేస్తాం. ఈసారి ఇంటర్ ఫిజిక్స్‌లో ఫ్రిజ్ పాఠం గుర్తొచ్చి అడిగాం: "పోయినేడే గ్యాస్ నింపించాం. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు కదా, ఎటు పోయింది?" ఆయన విసుక్కున్నాడు.

ఆటోనగర్‌లో ఇంకో మేస్త్రి దగ్గరికి పోయాం. నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నురగ పూశాడు. కండెన్సర్ పైపు దగ్గర బుడగలొచ్చాయి. ఓ-రింగ్ పోయింది, అంతే. కంప్రెసర్ చేత్తో తిప్పితే సాఫీగా తిరిగింది, పైపుల్లో లోహపు రజను లేదు. ఓ-రింగ్ మార్చి, వాక్యూమ్ పట్టి, గ్యాస్ తూకం చూసి ఎక్కించాడు. మూడు వేల లోపే అయింది.

కంప్రెసర్ బిగుసుకుపోయి రజను రాలితే మాత్రం మార్చాల్సిందే అని కూడా ఆయనే చెప్పాడు. అప్పుడు పైపులు కడిగి, డ్రయర్ కూడా మార్చాలి. లేకపోతే కొత్తదీ పోతుంది.

ఫీజు కట్టేశాం. "టెస్టు చేసి చూపించండి" అని మీరూ అడగండి. విసుక్కుంటే విసుక్కోనీ.