తాతయ్య త్రీ ఫిఫ్టీన్

రాజపాళయంలో మా ఇంట్లో మూడు తుపాకులుండేవి. జంట గొట్టాల పన్నెండు బోరు ఒకటి, పాయింట్ టూ టూ ఒకటి, మూడోది తాతయ్య త్రీ ఫిఫ్టీన్ రైఫిల్. ఇషాపూర్ ఫ్యాక్టరీది, పాత లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో చేసింది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక మనవాళ్ళ వేటలు ఆగిపోయాయి. కొండవార పందుల వెంటబడ్డ మన కుక్కలు వాకిలి కాపలాకి మిగిలాయి. తుపాకులు లైసెన్సుతో చిన్నాయన పేరుకు వచ్చి బీరువా చేరాయి. 2019లో ఆయుధాల చట్టం మార్చి, ఒకరి దగ్గర మూడు కాదు, రెండే ఉండాలన్నారు. ఏడాదిలోగా ఒకటి వదులుకోవాలి.

ఇంట్లో అందరూ రైఫిల్నే చూపించారు. "అది సూటిగా పేలదురా, వానలప్పుడు ఒకలా, ఎండలప్పుడు ఒకలా" అని చిన్నాయన. అబద్ధం కాదు. రేంజిలో ఆయన యాభై మీటర్ల నుంచి అయిదు గుండ్లు కాలిస్తే జానెడు మేర చెదిరాయి. గొట్టం అరిగిపోయిందని తేల్చేశారు. నాకు నమ్మకం కుదరలేదు. అరిగిన గొట్టమైతే ఏ కాలంలోనైనా ఒకేలా చెడగొట్టాలి గదా? కాలం చూసి మారేది ఇనుము కాదు, చెక్క.

మదురైలో లైసెన్సున్న ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాం. అక్కడి పెద్దాయన ముందు బోల్టు తీసి గొట్టంలోకి వెలుతురు పెట్టి చూశారు. లోపలి గాడులు పదునుగానే ఉన్నాయి. తర్వాత ఒక కాగితం ముక్కను గొట్టానికీ కింది కొయ్యకూ మధ్య దూర్చి లాగారు. మూడంగుళాలు పోయి ఎడమపక్క ఇరుక్కుంది. జబ్బు అక్కడే. గుండు పేలినప్పుడు గొట్టం మీటిన తీగలా అదురుతుంది. ఆ అదురు ప్రతిసారీ ఒకేలా ఉంటే గుండ్లు ఒకచోటికే పోతాయి. వానకి ఉబ్బిన కొయ్య ఓ పక్క నొక్కుతుంటే అదురు మారిపోతుంది. వరసగా కాల్చి గొట్టం వేడెక్కితే మరీను.

రెండో జబ్బు వెనకాల. తుపాకి వెనక్కి తన్నే తన్నంతా కొయ్యలోని రెండు చిన్న భుజాలు మోయాలి. తాతయ్య ధారాళంగా నూనె పోసి, మూతి పైకి పెట్టి నిలబెట్టేవారు. నూనె ఏళ్ళ తరబడి కిందికి దిగి ఆ భుజాలను మెత్తబరిచింది. (మీ ఇంట్లో ఉంటే మూతి కిందికే పెట్టండి.)

షాపులో కుర్రాడు ప్లాస్టిక్ స్టాక్ వేసేయమన్నాడు. తాతయ్య చెంప ఆని నున్నబడ్డ చోటు పోతుందని నా దిగులు. పెద్దాయన నవ్వి, ఈ రకంలో వెనక కొయ్య వేరు, ముందు కొయ్య వేరు, నాకు పని ముందుదాని లోపలే అన్నారు.

పని చూస్తుంటే మన వడ్రంగుల ఓపిక గుర్తొచ్చింది. ఇనుముకి దీపం మసి రాసి, కొయ్యలో కూర్చి, మర బిగించి, మళ్ళీ ఊడదీస్తారు. నల్లగా అంటుకున్న చోట మాత్రమే చిత్రిక. ఎన్నిసార్లో లెక్కలేదు. మెత్తబడ్డ భుజాలను చెక్కి, ఇనుముకి మైనం పూసి, మధ్యలో పలచగా ఎపాక్సీ నింపారు. అది గట్టిపడితే ఇనుము ఒళ్ళు కొలిచి కుట్టిన చొక్కాలా ఉంటుంది. తర్వాత గొట్టం మొదట్లో రెండంగుళాలు ఆననిచ్చి, మిగతా పొడవునా కొయ్యను దూరం చేశారు. గొట్టం గాల్లో తేలుతుంది.

అన్ని రైఫిళ్ళకూ ఇది పడదట. లీ ఎన్‌ఫీల్డుల్లో కొన్నిటికి కొయ్య చివర కాస్త పైకి నొక్కితేనే బాగుంటుంది. అందుకని రేంజిలో చివర అట్టముక్క పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కాల్పించారు. మాదానికి తీస్తేనే నయం. యాభై మీటర్లకు అయిదు గుండ్లు, నాలుగు వేళ్ళు అడ్డంపెడితే కప్పడిపోయాయి.

చిన్నాయన ఏమీ అనలేదు. పాయింట్ టూ టూని డీలరుకి అప్పగించి వచ్చారు.

2021 ఎన్నికలకు రెండు తుపాకులూ డిపాజిట్ చేశాం. తిరిగొచ్చిన రోజు చిన్నాయనే కేలెండరు కాగితం చించి గొట్టం కింద దూర్చారు. ఎక్కడా తగలకుండా చివరిదాకా పోయింది.