ఆదోని నుండి ఎమ్మిగనూరుకు, ఒక చీటీ వెంట

అసర్ నమాజు ముగించుకొని మదరసా అరుగుపై కూర్చొని ఉన్నాము. పత్తి మార్కెట్టులో హమాలీగా పనిచేసే ఒక విద్యార్థి తండ్రి వచ్చి, సలాం చేసి, చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. తన పెద్ద కుమార్తెకు ఎమ్మిగనూరులో కుదిరిన సంబంధం ఆగిపోయేలా ఉందని చివరికి చెప్పారు. కట్నం దగ్గర పేచీ లేదు, అబ్బాయిలో లోపం లేదు. జాతరలో ఒక చిలుక తీసిన చీటీయే కారణం. అబ్బాయి దాదీమా ఈ పెళ్లి కలిసి వస్తుందా అని చిలక జోస్యం అడిగారట. చీటీ చెడ్డది వచ్చిందట.

“హజ్రత్, మీరొకసారి వచ్చి మాట్లాడితే…” అని ఆయన ఆగిపోయారు. మరునాడు ఉదయమే బయలుదేరాము.

ఆదోని బస్టాండు నుండి చూస్తే కోట కొండలు కనిపిస్తూనే ఉంటాయి. వాటి పాదాన ఊరిలో రాతితో కట్టిన జామియా మసీదు ఉంది. 17వ శతాబ్దంలో బీజాపూర్ సుల్తానుల తరఫున ఈ ప్రాంతాన్ని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ దానిని కట్టించారు. 1688లో మొఘలు సైన్యం కోటను ముట్టడించినప్పుడు ఫిరంగులను మసీదు వైపు తిప్పారని, మసీదుకు దెబ్బ తగులుతుందన్న బాధతోనే ఆయన కోటను అప్పగించారని పెద్దలు చెప్పుకొంటారు. కథలో ఎంత నిజమున్నా, ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా అది మాకు గుర్తుకు వస్తుంది. అంత పెద్ద నిర్ణయం తీసుకొనే రాత్రి ఆయన ఎవరిని అడిగి ఉంటారు?

బస్సు పత్తి బండ్ల మధ్య నుండి మెల్లగా ఊరు దాటింది. ఇది వానను నమ్ముకొన్న నేల. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందిన చోట పచ్చదనం, అందని చోట ఎండిన పత్తి కట్టె. ఈ నెలల్లో ఎన్నో ఇళ్లకు తాళాలు వేలాడుతుంటాయి. మనుషులు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లి ఉంటారు. రేపు ఏమవుతుందో తెలియని చోట రేపటి సంగతి చెబుతామనే వారికి గిరాకీ ఉండడంలో వింత లేదు. దివ్య ఖుర్ఆన్ లుఖ్మాన్ సూరా చివరి ఆయతు అల్లాహ్‌కు మాత్రమే తెలిసిన విషయాలను చెబుతూ వాన కురవడాన్ని, మనిషి రేపు ఏమి సంపాదిస్తాడన్న దానిని ఒకే చోట ప్రస్తావించింది. మా ప్రాంతపు రైతుకు ఆ రెండూ వేర్వేరు విషయాలు కావు. ఈ దారిలో వెళ్తున్నప్పుడు ఆ ఆయతు మాకు మరింత అర్థమవుతుంది.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప గారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో ఈ ఊరి దుప్పట్లకు, చీరలకు దేశమంతటా పేరు వచ్చింది. జనవరిలో నీలకంఠేశ్వరుని జాతర జరుగుతుంది. మేము వెళ్లేసరికి రథోత్సవం అయిపోయింది, కానీ అంగళ్లు ఇంకా ఉన్నాయి. మిఠాయి కొట్లు దాటిన తరువాత వేపచెట్టు కింద పంజరంతో ఒక వృద్ధుడు కనిపించాడు. పెళ్లివారింటికి వెళ్లకముందే అతని దగ్గర కూర్చున్నాము. గడ్డం, టోపీ చూసి అతను నవ్వాడు. “మీవాళ్లూ వస్తారు సామీ. ఆడవాళ్లు ఎక్కువ” అన్నాడు.

చీటీలు చూపించమంటే చూపించాడు. నూనె మరకలు పడిన అట్టముక్కలు, లోపల దేవతల బొమ్మలు. చిలుక పంజరం నుండి బయటకు వచ్చి ముక్కుతో ఒకటి లాగుతుంది, గింజ తిని లోపలికి వెళ్తుంది. ఆపైన చెప్పేదంతా మనిషే. “వచ్చినోళ్ల ముఖంలోనే సగం ఉంటుంది” అన్నాడతను, దాపరికం లేకుండా. రామచిలుకను బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని అతనికి తెలుసు. అటవీశాఖ వారు వస్తే పంజరం మీద దుప్పటి కప్పుతాడట. అతనిపై మాకు కోపం రాలేదు. అతని విశ్వాసం అతనిది, అతని ఆకలి కూడా. మా ప్రశ్న కలిమా చదివిన ఇంటివారికి.

అరబ్బులకూ ఇలాంటి చీటీలుండేవి. వారివి బాణాలు, పేరు అజ్లాం. ఒకదానిపై ‘నా ప్రభువు ఆజ్ఞాపించాడు’ అని, మరొకదానిపై ‘నా ప్రభువు వారించాడు’ అని ఉండేది, మూడవది ఖాళీ. ప్రయాణమైనా, పెళ్లి అయినా ఒకటి తీసి చూసేవారు. మాయిదా సూరాలో వీటిని సారాయి, జూదముల సరసన చేర్చి షైతాను పనిగా నిషేధించడం జరిగింది. మక్కా విజయం నాడు కాబాలో హజ్రత్ ఇబ్రాహీం (అ), హజ్రత్ ఇస్మాయీల్ (అ)ల చేతుల్లో ఈ బాణాలు పెట్టి గీసిన బొమ్మలు దొరికాయి. వారెన్నడూ బాణాలతో జోస్యం చూడలేదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఖండించిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది.

ఈ దోషం ఇరుగుపొరుగువారి నుండి మనకు అంటుకొన్నదని తప్పించుకోవడానికి వీల్లేదు. బొమ్మల పుట తెరిచి శకునం చెప్పే ఫాల్‌నామా 17వ శతాబ్దపు గోల్కొండలోనూ తయారైంది. హాఫిజ్ దీవానును తెరిచి ఫాల్ చూసిన మొఘలు చక్రవర్తులు హుమాయూన్, జహంగీర్ ఆ పుటల అంచుల్లో స్వయంగా రాసుకొన్న ప్రతి పాట్నాలోని ఖుదాబఖ్ష్ గ్రంథాలయంలో నేటికీ ఉంది. ఇప్పటి పిల్లలు ఫోనులో టారో కార్డులు చూస్తారు. అవి 15వ శతాబ్దపు ఇటలీలో పేకాట కోసం పుట్టాయి, 18వ శతాబ్దంలో జోస్యానికి వాడుకలోకి వచ్చాయి. అట్ట మారింది, బొమ్మ మారింది, అడిగే ప్రశ్న మారలేదు.

ఇంటికి చేరేసరికి జుహర్ వేళ అయింది. దాదీమా పరదా వెనుక, మంచంపై కూర్చొని ఉన్నారు. నలభై రాత్రుల నమాజు హదీసు చెబుదామని సిద్ధపడి వెళ్లాము. జోస్యునివద్దకు వెళ్లి అడిగినవారి నలభై రాత్రుల నమాజు స్వీకరించబడదని సహీహ్ ముస్లింలో ఉంది; నమాజు చదవవలసిన బాధ్యత తప్పదు, పుణ్యం మాత్రం పోతుందని ఉలమా వివరించారు. కానీ ఆమె ముందే మాట్లాడారు.

“మౌల్సాబ్, నా చెల్లెలి పెళ్లప్పుడూ ఇదే జాతరలో చీటీ చెడ్డది వచ్చింది. అబ్బాజాన్ కొట్టిపారేశారు. ఏడాది తిరగకముందే పెళ్లికొడుకు బావిలో పడి పోయాడు. పద్ధెనిమిదేళ్ల పిల్ల. బ్రతికినంత కాలం నా దగ్గరే ఉంది. ఇప్పుడు చెప్పండి.”

సిద్ధం చేసుకొన్న మాట నోట నిలిచిపోయింది. ఆమెది అజ్ఞానం కాదు, దుఃఖం. కొంతసేపటికి హజ్రత్ ఆయిషా (ర) గారి ఉల్లేఖనం గుర్తు చేశాము. జోస్యులు చెప్పేది ఒక్కోసారి నిజమవుతుంది కదా అని ప్రజలు అడిగితే, దొంగిలించిన ఒక నిజానికి వారు నూరు అబద్ధాలు కలుపుతారని ప్రవక్త (స) చెప్పారు. నిజమైనది గుర్తుంటుంది అమ్మా, నూరూ మరచిపోతాము అన్నాము. ఆమె జవాబివ్వలేదు.

అప్పుడు ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది చెప్పాము. మా పెద్దబ్బాయికి మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి చెవి నుండి చీము కారింది. మేము అప్పటికే దర్సు చెబుతున్నవారము, మాయిదా సూరా తఫ్సీరు పిల్లలకు బోధించినవారము. అయినా భయం పట్టి, ఒక ఊరిలో కితాబు తెరిచి ఫాల్ చెప్పే ఒకరి దగ్గరకు వెళ్లాము. మంచి ఫాల్ వచ్చింది, మూడు రోజుల్లో తగ్గుతుందన్నారు. ఆ మూడు రోజులు ఆసుపత్రికి వెళ్లలేదు. జ్వరం తగ్గింది. ఎడమ చెవి మాత్రం నేటికీ వినదు. చెడ్డ చీటీ మీ ఇంటిని భయపెట్టింది, మంచి చీటీ మా ఇంటిని మోసం చేసింది అన్నాము. ఆ మాట తరువాత గదిలో చాలాసేపు ఎవరూ కదలలేదు.

హిజ్రత్ మార్గంలో ప్రవక్త (స)ను వెంబడించిన సురాఖా సంగతి కూడా చెప్పాము. బాణాలు తీస్తే అతనికి ఇష్టం లేనిదే వచ్చింది, అయినా బహుమతి ఆశతో గుర్రాన్ని దౌడు తీయించాడు. నమ్మేవాడు సైతం తనకు నచ్చినప్పుడే నమ్ముతాడు. ఆ సురాఖాయే తరువాత ఇస్లాం స్వీకరించాడు.

దాదీమా చివరికి అన్నారు: “అయితే మీరే ఇస్తిఖారా చేసి, కలలో ఏమి కనబడుతుందో చెప్పండి.”

మాకు నవ్వు, బాధ రెండూ కలిగాయి. చిలుకను దించి ఆ స్థానంలో మౌల్వీని కూర్చోబెట్టడమే ఇది! మన ఇళ్లలో ఇస్తిఖారా ఎంతోమంది చేతుల్లో మరో చీటీగా మారిపోయింది. ఖుర్ఆన్ సూరాను నేర్పినట్లే ప్రవక్త (స) ఇస్తిఖారాను నేర్పేవారని హజ్రత్ జాబిర్ (ర) చెప్పారు. అందులో కల ప్రస్తావన లేదు. పని ఎవరిదో వారే రెండు రకాతులు చదివి, ఇది మేలైతే సులభం చేయమని, కీడైతే తొలగించమని వేడుకోవాలి. విచారించవలసింది విచారించి, సలహా తీసుకొని ముందుకు సాగాలి. అబ్బాయిని పిలిచి దుఆ రాసి ఇచ్చాము. అమ్మాయికి కూడా అదే చెప్పమని ఆమె తండ్రికి చెప్పాము, ఎందుకంటే ఆమె ఇష్టాన్ని ఇంతవరకు ఎవరూ అడిగినట్లు లేదు.

తిరుగు ప్రయాణంలో వేపచెట్టు కింద పంజరం లేదు.

పన్నెండు రోజుల తరువాత ఫోను మోగింది. దాదీమా. మొదట మా అబ్బాయి గురించి అడిగారు, ఆ చెవికి ఇప్పుడు యంత్రం పెట్టిస్తే ప్రయోజనముంటుందేమో కనుక్కొన్నారా అని. ఆ తరువాత పెళ్లి సంగతి. మనవడికి కల రాలేదట, చేసుకొంటానన్నాడట. అమ్మాయి కూడా సరేనన్నదట. “మంచి రోజు మీరే చూసి చెప్పండి మౌల్సాబ్” అన్నారు. షాదీఖానా ఏ రోజు ఖాళీగా ఉందో, గుంటూరు వెళ్లినవారు ఎప్పుడు తిరిగి వస్తారో కనుక్కొని అదే పెట్టుకోండి అన్నాము.