జంగ్లీఘాట్ మేడగదిలో పాత కమిట్ల ఆచూకీ

"నిన్నటి మార్పులో వచ్చిన తప్పు సరిచేశాను."

ఉత్తర అండమాన్‌లోని దిగ్లిపూర్ నుంచి ఒక కుర్రాడు ఇలా రాసి పంపిన కమిట్‌ని, జంగ్లీఘాట్ మేడగదిలో కూర్చున్న అమ్మాయి మొహమాటం లేకుండా తిప్పి పంపేసింది. "నిన్న అంటే ఏ నిన్న? వచ్చే ఏడాది చదివేవాడికి ఆ నిన్న ఎక్కడ దొరుకుతుంది చెప్పండి" అంది నావైపు తిరిగి.

పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అంటే చేపల రేవు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో వందమందిలో పదముగ్గురి మాతృభాష తెలుగు. ఆ అమ్మాయి తాతది శ్రీకాకుళం వైపు. ఆమె, ఇంకో ఇద్దరు కలిసి చేపల వర్తకులకు బిల్లులు కొట్టే చిన్న ప్రోగ్రాం రాసి నడుపుతున్నారు. నేను వెళ్లింది ప్రోగ్రాం చూడ్డానికి కాదు, దానిలో చేసిన మార్పుల చరిత్రని వాళ్లు గిట్‌లో కమిట్లుగా రాసుకునే పద్ధతి చూడ్డానికి.

తిరిగెళ్లిన కమిట్ సంగతి ఇదీ. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు ప్రకటించింది. ప్రోగ్రాంలోనూ మార్చారు. దాంతో అంతకు ఏడాది ముందరి బిల్లు మళ్లీ ప్రింటు తీసినా కొత్త పేరే పడుతోంది. దిగ్లిపూర్ కుర్రాడు దాన్ని సరిచేశాడు. కోడ్ బాగానే ఉంది, తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పే వాక్యమే బాగాలేదు. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఈసారి మొదట పాత కమిట్‌ని గుర్తుపట్టే పన్నెండు అక్షరాల హ్యాష్, పక్కన బ్రాకెట్లో "బిల్లులో ఊరి పేరు మార్పు" అన్న దాని శీర్షిక, కామా, తేదీ. ఆ కింద, ఆ మార్పు ఏం చేసింది, ఏం చెడగొట్టింది అని రెండు వాక్యాలు. ఆ అమ్మాయి కలిపేసింది.

ఈ అమరిక వాళ్ల సొంతం కాదు. గిట్ ప్రాజెక్టు తన కమిట్లలో ఇలాగే రాసుకుంటుంది. 2020 జనవరిలో వచ్చిన 2.25 వెర్షన్ నుంచి లాగ్‌ని 'రిఫరెన్స్' రూపంలో అడిగితే ఈ ముక్కని గిట్ తనే తయారుచేసి ఇస్తుంది. లినక్స్ కెర్నెల్ వాళ్లది కాస్త తేడా: తేదీ ఉండదు, శీర్షిక కొటేషన్లలో పెడతారు, హ్యాష్‌లో కనీసం పన్నెండు అక్షరాలు ఉండాలంటారు. పూర్తి హ్యాష్ 40 అక్షరాలు. కెర్నెల్ అంత పెద్ద రిపాజిటరీలో మరీ పొట్టిగా రాస్తే అవే అక్షరాలతో ఇంకోటి మొదలయ్యే ప్రమాదం ఉంది. బిల్లుల ప్రోగ్రాంకి పన్నెండు దేనికి? "అలవాటు కోసం" అంది. నాకైతే అది కాస్త దర్జాగానే తోచింది.

వరస నంబర్లు వేసుకోవచ్చు కదా అని అడిగాను. సబ్‌వర్షన్‌లో అలాగే ఉంటుంది; మార్పు సర్వర్‌కి చేరాక దానికి నంబరు పడుతుంది. గిట్‌లో ఎవరి కంప్యూటర్లో వాళ్లు, నెట్ లేకుండానే కమిట్ చేసుకుంటారు. దిగ్లిపూర్‌లో ఒకరూ ఇక్కడ ఒకరూ ఒకేసారి రాస్తుంటే 57వ నంబరు ఎవరిది? అందుకే హ్యాష్ కమిట్‌లోని సరుకు నుంచే పుడుతుంది: ఫైళ్లు, రాసినవాళ్ల పేరు, సమయం, సందేశం, ముందరి కమిట్ హ్యాష్. వీటిలో ఏది మారినా అదీ మారిపోతుంది. రీబేస్ చేసి, అంటే కమిట్లని వేరే కమిట్ మీద తిరిగి పేర్చాక, పాత హ్యాష్ పట్టుకుని వెతికితే దారి తప్పినట్టే. అప్పుడు ఆదుకునేది శీర్షిక.

మరి పాత కమిట్‌కి వెబ్ లింకు ఇస్తే సరిపోదా? చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్, దాదాపు 2,300 కిలోమీటర్లది, 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఈ దీవులకు నెట్ ఉపగ్రహాల మీదుగా వచ్చేది. లింకు తెరవాలంటే నెట్ ఉండాలి, అవతల ఆ సైటూ బతికుండాలి. హ్యాష్, శీర్షిక ఉంటే అవేవీ అక్కర్లేదు. క్లోన్ చేసినప్పుడే చరిత్రంతా ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది. కేబుల్ వచ్చినా, లింకు బదులు హ్యాష్, శీర్షిక రాసే నియమాన్ని వీళ్లు వదల్లేదు.

గుమ్మం దగ్గర కుర్చీలో వాళ్ల నాన్న. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. "ఏటమ్మా ఇందులో కొత్త? మా సెక్షన్‌లో ప్రతి ఉత్తరానికీ పైన సబ్జెక్టు, దాని కింద రిఫరెన్సు, నంబరు, తేదీ. అవి లేకపోతే ఫైలు కదిలేది కాదు" అన్నారు.

"మీ నంబరు రిజిస్టర్లో ఒకరు వేసేది నాన్నా. ఇది ఎవరూ వెయ్యక్కర్లేదు."

రివర్ట్ల దగ్గర మాత్రం ఆమెకి చిరాకు. ఒక కమిట్‌ని వెనక్కి తీస్తే, ఫలానాదాన్ని తీశామని పూర్తి హ్యాష్‌తో సహా గిట్ తనే రాసిపెడుతుంది. చాలామంది అక్కడితో సరిపెట్టేస్తారు. ఎందుకు తీశారో మనిషే రాయాలి. కారణం లేని రివర్ట్‌ని ఈ జట్టు కలపదు.

కెర్నెల్‌లో 'ఫిక్సెస్' అని ఒక వరస రాస్తారు, ఈ తప్పు ఫలానా కమిట్‌లో పుట్టింది అని. పాత వెర్షన్లను చూసుకునేవాళ్లకు దిద్దుబాటు తమకు కావాలో అక్కర్లేదో తేల్చుకోడానికి అదే ఆధారం. ఆ వరసల్లో మళ్లీ మళ్లీ కనబడే హ్యాష్ ఒకటుంది. "వన్, డి, ఎ, వన్, డబల్ సెవెన్, ఇ, ఫోర్, సి, త్రీ, ఎఫ్, ఫోర్" అని తెర చూడకుండా అప్పజెప్పింది. 2005 ఏప్రిల్ 16న లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌లో పెట్టిన మొదటి కెర్నెల్ కమిట్ అది. 17 వేల పైచిలుకు ఫైళ్లు ఒక్కసారే వచ్చి పడ్డాయి. పాత చరిత్ర ఉన్నా తేవడం లేదని, తెస్తే 3.2 జీబీ అవుతుందని ఆయన అందులోనే రాశాడు. అందుచేత అంతకుముందు ఎప్పుడు పుట్టిన తప్పైనా సాధారణంగా దాని ఖాతాలోకే వెళుతుంది. "పాపం, అది చెయ్యని తప్పు లేదు" అని నవ్వింది.

బిల్లుల ప్రోగ్రాందీ అదే వ్యవహారం. గిట్‌లోకి రాకముందు తేదీల పేర్లతో ఫోల్డర్లుగా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండేది. కెర్నెల్ పాత చరిత్రలో కొంత తరవాత విడి రిపాజిటరీగా కట్టారు, కావలసినవాళ్లు 'గిట్ రీప్లేస్'తో అతికించుకుంటారు. ఇక్కడా ఆ పని చెయ్యాలని ఆమెకి ఉంది. పెన్‌డ్రైవ్ దిగ్లిపూర్ కుర్రాడి దగ్గరుంది. దీపావళికి వస్తూ తెస్తానన్నాడట. రెండు ఫోల్డర్ల మీద తేదీలు తప్పని మాత్రం ముందే చెప్పేశాడు.