ఖాళీ కుర్చీ

నా కథకి బొమ్మ వేసే కుర్రాడు మొన్న సరిగ్గా భోజనాల వేళకి వచ్చి, "ఒంటరితనాన్ని ఎలా గీయమంటారండీ?" అన్నాడు. తెచ్చిన చిత్తుబొమ్మలో మామూలే. కిటికీ, ఖాళీ కుర్చీ, దిగులుగా ఓ ముసలావిడ.

నాకు నవ్వొచ్చింది. "ఒంటరిగా ఉండడం వేరు, ఒంటరితనం వేరు నాయనా!" అంటూ అమెరికా చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1942లో వేసిన 'నైట్‌హాక్స్' చూపించాను. రాత్రి పొద్దుపోయాక హోటల్లో నలుగురున్నారు. ఎవరి లోకం వారిది. వీధిలోకి తలుపైనా కనపడదు. "ఇలా నలుగురి మధ్య పెట్టి గీయి" అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాననుకోండి.

వారం తిరక్కుండా కొత్త బొమ్మ తెచ్చాడు. భోజనాల బల్ల చుట్టూ ఓ కుటుంబం. ముగ్గురి చేతుల్లో సెల్‌ఫోన్లు, ఇల్లాలి చేతిలో ఏవో కథ కాగితాలు. ఆ కొసన, ఏదో చెప్పబోయి ఆగిపోయిన అత్తగారు.

"మొన్న మీ ఇంట్లో చూసిందేనండీ" అన్నాడు బెరుగ్గా.

బొమ్మ బావుందని చెప్పి పంపేశాను. తర్వాత అత్తయ్య గదిలోకి వెళ్లి కూచున్నాను.

"మొన్న అన్నాలప్పుడు ఏదో చెప్పబోయారు, ఏమిటత్తయ్యా?"

"ఇంకా ఎక్కడ గుర్తుంటుందమ్మా! మర్చిపోయాను" అందావిడ.

అయినా నేను లేవలేదు.