చోటీ, దవా కిత్నీ?

బక్రీద్ సెలవులకి హైదరాబాద్ హాస్టల్ నుంచి మావాడు ఇంటికొచ్చాడు. ఇంజినీరింగ్ మొదటి ఏడు అయింది. బట్టల బ్యాగ్ గుమ్మంలో పడేసి, ల్యాప్‌టాప్‌ని మాత్రం పసిబిడ్డలా పట్టుకుని లోపలికి తెచ్చాడు. ఏం ఆడుతున్నావురా అంటే లిస్టు చదివాడు. నాకు నవ్వొచ్చింది. అన్నీ వాడికంటే పెద్దవే. ఫైనల్ ఫాంటసీ సెవెన్ 1997లో వచ్చింది, దాని రీమేక్ 2020లో. డ్రాగన్ క్వెస్ట్ త్రీ నేను పుట్టిన 1988లో వచ్చింది, 2024లో కొత్త బట్టలేసుకుని మళ్లీ వచ్చింది. ఆబ్లివియన్ 2006ది, అంటే నా నిఖా అయిన ఏడాదిది. దాన్ని 2025 ఏప్రిల్‌లో మళ్లీ వదిలారు.

"మీ జమానా గేములకే రంగులేసి మాకు అమ్ముతున్నారమ్మీ" అన్నాడు వాడు.

"డయాబ్లో టూ కూడా వచ్చిందా?" అని అడిగేశాను.

వాడు నావైపు చూసిన చూపు చెప్పలేను. అమ్మీ బిర్యానీ వండుతుంది, దర్జీ దగ్గర బేరమాడుతుంది, ఈ బ్లాగ్‌లో ఏదో రాసుకుంటుంది, అంతవరకే వాడికి తెలుసు. డయాబ్లో అన్న మాట నా నోట వస్తుందని వాడి ఖయాల్‌లో కూడా లేదు.

మా కిస్సా ఇది. 2003లో భద్రాచలంలో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. అబ్బా తునికాకు కల్లంలో గుమాస్తా. యాభై ఆకులకు ఒక కట్ట లెక్కన ఎండలో కూర్చుని లెక్కలు రాసేవారు. ఆ ఏడు సీజన్ బాగా నడిచింది. భయ్యా డిగ్రీలో చేరాడు, చదువుకి కావాలని పట్టుబట్టాడు. చదువు సంగతి మీకూ తెలుసు, మీ ఇళ్లలోనూ జరిగే ఉంటుంది. నెల తిరక్కుండానే ఎవరో దోస్త్ దగ్గర్నుంచి మూడు సీడీలు పట్టుకొచ్చాడు. డయాబ్లో టూ. 2000 జూన్‌లో అమెరికాలో విడుదలైన గేమ్ మూడేళ్లకి గోదావరి ఒడ్డుకి చేరింది.

చదివేవాళ్లలో పెద్దవాళ్లుంటారు కాబట్టి ఒక్క మాట. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే కార్లు తోలడం, బంతులు కొట్టడం కాదు. ఒక మనిషిని తయారుచేసుకుని, పేరు పెట్టి, ఏమీ లేని స్థితి నుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం. అందుకే వీటిమీద మొహబ్బత్ అంత తొందరగా పోదు.

ఆ పేరు విని మా అమ్మీ హడలిపోయింది. డయాబ్లో అంటే స్పానిష్‌లో షైతాన్ అని భయ్యా తనే గొప్పగా చెప్పి తన్నులు తినే పని చేశాడు. "ఇంట్లో నమాజ్ చదివే జాగాలో షైతాన్‌ని పెడతావురా!" అంది. "షైతాన్‌ని పెంచేది కాదమ్మీ, కొట్టేది. హాజీలు రాళ్లేసి కొట్టడంలేదా?" అన్నాడు. చెంప మోగింది. కానీ గేమ్ మాత్రం ఉండిపోయింది.

నన్ను నెట్ సెంటర్‌కి పోనిచ్చేవాళ్లు కాదు. ఇంట్లో ఉన్నదానికి అడ్డు చెప్పలేరు కదా. భయ్యా గొడ్డలి పట్టుకునే బార్బేరియన్ కావాలన్నాడు, నేను ఆడపిల్లే కావాలన్నాను. చివరికి విల్లు పట్టుకునే అమెజాన్ దగ్గర రాజీ కుదిరింది. దానికి గోదావరి అని పేరు పెట్టాం. కుర్చీ ఒకటే, స్టూలు ఒకటే. భయ్యా మౌస్ పట్టుకునేవాడు. కీబోర్డ్ మీద ఒకటి నుంచి నాలుగు అంకెలు నావి. ఆ అంకెలు నొక్కితే నడుం బెల్ట్‌లో ఉన్న మందుసీసాలు తాగుతుంది. అంటే కొట్టేది తను, బతికించేది నేను. ఏ గుహలోకి దిగేముందైనా తలుపు దగ్గర ఆగి అడిగేవాడు, "చోటీ, దవా కిత్నీ?" నేను లెక్క చెప్తేనే అడుగు పడేది.

ఆ గేమ్‌లో రెండో ఘట్టం లట్ గోలీన్ అనే ఎడారి నగరం. సుల్తాన్ మహల్, జనానా, బజార్, అన్నీ ఉన్నాయి. ఒక్క అజాన్ మాత్రం వినపడదు. మా ఇద్దరికీ అది పెద్ద జోక్. మూడోది కురాస్ట్ అడవి. అక్కడ చెక్కల వంతెనలు, నాచు పట్టిన నీళ్లు, ఎటు తిరిగినా దారి తెలియని చెట్లు. వానాకాలంలో చింతూరు రోడ్డులో బస్సు కిటికీలోంచి చూసే చీకటి అచ్చం అదే. (ఇప్పుడు ఆ రోడ్డు ఎటపాక దగ్గరే ఆంధ్రలోకి పోతుంది. అప్పుడు అంతా మా ఖమ్మం జిల్లానే.) ఆ అడవిలో ముసుగులేసుకుని కత్తులతో గుంపుగా మీద పడే పొట్టివాళ్లుంటారు. అప్పట్లో కేరింతలు కొడుతూ చంపాం. నా బెంచీలో నా పక్కన కూర్చున్న కోయపిల్లని ఆ గేమ్ తయారుచేసినవాళ్లు ఎప్పుడూ చూడలేదు కదా అన్న ఖయాల్ చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. అడవి అనగానే అందులో ఉండేవాళ్లు రాక్షసులే అయిపోవాలా? కొత్త రీమేక్‌లోనూ ఆ గుంపులు అలాగే ఉన్నాయి. ఇంకా మెరుస్తున్నాయి, అంతే.

2006లో నా నిఖా. ఖమ్మం వచ్చేశాను. రుఖ్సత్ ముందురోజు రాత్రి చుట్టాలంతా నిద్రపోయాక ఇద్దరం గంటసేపు ఆడాం. ఖాలిమ్ అనే పుణ్యాత్ముడి శరీర భాగాలు మూడు చోట్ల వెతికే పని మీద ఉన్నాం. భయ్యా అతన్ని కలీమ్ భాయ్ అనేవాడు. కన్ను దొరికింది, మెదడు దొరికింది. గుండె మురికికాల్వల్లో ఉంది. కరెంట్ పోయింది. "నువ్వెళ్లాక నేనే పూర్తి చేస్తాలే" అన్నాడు.

ఆ తర్వాత గేమ్ గురించి మాట్లాడుకోలేదు. 2016లో అబ్బా ఇంతెఖాల్ అయ్యారు. ఏడాది ఆగి, ఇంట్లో నా హిస్సా అడిగాను. కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. సూరె నిసాలో ఉన్న లెక్కే, నేను కొత్తగా కనిపెట్టింది కాదు. భయ్యా ముందు నవ్వాడు. తర్వాత, "ఏజెన్సీలో ఇల్లు, 1/70 ఉంది, అమ్మడం కుదరదు, ఏం కోసివ్వను?" అన్నాడు. అమ్మొద్దు, లెక్కగట్టి మెల్లగా ఇవ్వు అన్నాను. "నీ నిఖాకి అయిన ఖర్చు ఎవరు లెక్కగడతారు?" అన్నాడు. ఆ మాటతో మా జుబాన్‌లు మూసుకుపోయాయి. చుట్టాల్లో నాకే చెడ్డపేరు వచ్చింది. అన్న దగ్గర హిస్సా అడిగిన చెల్లెలంటే మనవాళ్లలో ఏ ఇజ్జత్ ఉంటుందో మీకు తెలుసు. నమాజ్ గురించి గంటలు గంటలు చెప్పే పెద్దలు మీరాస్ దగ్గరికి వచ్చేసరికి "సబర్ చెయ్ బేటీ" అంటారు.

2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీరు నేను వినలేదు. అమ్మీని, ఆమె ఇనప సందూక్‌ని భయ్యా 120 కిలోమీటర్లు ఆటోలో తెచ్చి మా గేటు దగ్గర దింపాడు. లోపలికి రాలేదు. నిలబడే మంచినీళ్లు తాగి, గ్లాసు గోడమీద పెట్టి వెళ్లిపోయాడు. మోకాళ్ల నొప్పులకి డాక్టర్లు ఇక్కడే ఉన్నారని అమ్మీ నా దగ్గరే ఉండిపోయింది. సందూక్ మంచం కిందికి చేరింది.

ఇక మావాడి ల్యాప్‌టాప్ దగ్గరికి వస్తా. డయాబ్లో టూ రిసరెక్టెడ్ 2021 సెప్టెంబర్‌లో వచ్చిందట. వాడు దించుకున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టి చూపించాడు. గడ్డి కదులుతోంది, వాన చర్మం మీద మెరుస్తోంది. బాగుంది, కానీ నాది కాదనిపించింది. "ఉండు" అని జీ అక్షరం నొక్కాడు. అంతే, తెర రెండువైపులా నల్లబడి, మధ్యలో పాత గేమ్. గరుకు గరుకు చుక్కల బొమ్మలు, అదే జాగా, అదే క్షణం. మళ్లీ నొక్కితే కొత్తది. నేనే ఒక పది సార్లు నొక్కి ఉంటాను.

వాడు చెప్పిందాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. లోపల నడిచే లెక్కంతా 2000 నాటిదే. సెకనుకి ఇరవై అయిదు అడుగుల ఆ పాత నడకే. పైన బొమ్మ మాత్రమే కొత్తగా గీశారు. మా అమ్మీ జహేజ్‌లో తెచ్చుకున్న రాగి డేగ్చాకి కళాయి పెట్టించేది. కళాయివాడు నిప్పుల మీద కాల్చి, నవసాగరం చల్లి, తగరం పూసి దూదితో రుద్దేవాడు. డేగ్చా అదే, సొట్టలు అవే, మెరుపు కొత్తది. ఇదీ అంతే. ఫైనల్ ఫాంటసీ వాళ్ల పద్ధతి వేరు. డేగ్చాని కరిగించి మళ్లీ పోశారు. పాత గేమ్‌లో కొన్ని గంటల్లో దాటిపోయే మిడ్గార్ నగరాన్నే 2020లో ఒక పూర్తి గేమ్‌గా చేశారు, 2024లో రెండో భాగం ఇచ్చారు, మూడోది ఇంకా రావాలి. కథ మారకూడదని అడ్డుపడే నీడల్లాంటి జీవుల్ని కూడా కథలోనే పెట్టారట. తెలివైన పనే. మావాడికి అదే ఇష్టం. నాకు కళాయే ఇష్టం. పాతదాన్ని మార్చాక, మార్చకముందు ఎలా ఉండేదో చూపించే ఒక బటన్ ఉంచడం నాకు ఇన్సాఫ్‌గా అనిపిస్తుంది.

ఇంకో సంగతి. డయాబ్లో టూ తయారైపోతున్న చివరి రోజుల్లో కోడ్, బొమ్మలు, బ్యాకప్‌తో సహా పాడైపోయాయని దాన్ని తయారుచేసిన మాక్స్ షేఫర్, ఎరిక్ షేఫర్ తర్వాత చెప్పుకున్నారు. పనివాళ్ల ఇళ్లలో మిగిలిన కాపీలతో మళ్లీ కూర్చుకున్నారట. వాళ్లిద్దరూ సొంత అన్నదమ్ములు. వాళ్లింట్లో హిస్సాల గొడవలు ఉన్నాయో లేవో!

"పాత సేవ్ ఫైళ్లు కూడా ఇందులో తెరుచుకుంటాయమ్మీ" అన్నాడు మావాడు, మామూలుగా.

నేను లేచి వెళ్లి మంచం కింద సందూక్ లాగాను. అమ్మీ దాంట్లో ఏదీ పారేయదు. అబ్బా కళ్లద్దాలు, కల్లం లెక్కల పుస్తకం, వాటికింద పాలిథిన్ కవర్లో ఒక సీడీ. మీద భయ్యా చేతిరాత, "గోదావరి, 2009". పాత కంప్యూటర్‌ని తుక్కుకి అమ్మేసిన ఏడాది అది. పక్కింట్లో సీడీ డ్రైవ్ ఉన్న పాత డెస్క్‌టాప్ దొరికింది. ఫైల్ మూడు కిలోబైట్లు కూడా లేదు. మావాడు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ, "2006 మే తర్వాత ఎవరూ ఆడలేదు దీన్ని" అన్నాడు. తేదీ చూపించాడు. నా నిఖా ముందురోజు.

సీడీ రాసింది 2009లో. కంప్యూటర్ ఇంట్లో మూడేళ్లుంది. నేనే పూర్తి చేస్తాలే అన్నవాడు మౌస్ ముట్టలేదు.

గోదావరి కొత్త ముఖంతో కురాస్ట్ రేవులో నిలబడింది. పెట్టె తెరిచాం. కన్ను ఉంది, మెదడు ఉంది. మిగతా గళ్లలో సగానికి దగ్గరగా నా రంగురాళ్లు. ఎందుకూ పనికిరాని పగిలిన రాళ్లు. ఊదారంగు బాగుందని నేను ఏరించినవి. జాగా లేదు, అమ్మేద్దాం అని భయ్యా రోజూ గొణిగేవాడు. ఒక్కటి కూడా అమ్మలేదు.

"ఇప్పుడు షేర్డ్ స్టాష్ పెట్టారమ్మీ" అని మావాడు పక్క గడి నొక్కాడు. పాతగేమ్‌లో ఎవరి పెట్టె వాళ్లదే. రీమేక్‌లో అందరికీ కలిపి ఒక సందూక్ ఇచ్చారు. అది ఖాళీగా ఉంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ మండాయి. మావాడు మౌస్ పట్టుకున్నాడు. నేను చెప్పకుండానే నా వేళ్లు అంకెల మీదికి వెళ్లాయి.

ఆడలేదు. రెండు ఫొటోలు తీశాను, ఒకటి కొత్త తెరది, ఒకటి జీ నొక్కి పాతది. రాత్రి పదకొండున్నరకి భయ్యా నంబర్‌కి పంపాను. ఎనిమిదేళ్లలో ఈద్ ముబారక్ తప్ప ఆ చాట్‌లో ఏమీ లేదు. ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. ఇంటి మాట ఇంకా నా గొంతులో అలాగే ఉంది, దాన్ని వదులుకునే ఇరాదా కూడా నాకు లేదు. అది వేరే లెక్క.

రెండు నీలి గీతలు పడ్డాయి. చాలాసేపు ఖామోష్. ఫజ్ర్‌కి లేచి ఫోన్ చూస్తే మెసేజ్ ఉంది.

"చోటీ, దవా కిత్నీ?"

వజూ చేసిన తడిచేతులతోనే మావాడి ల్యాప్‌టాప్ తెరిచి లెక్కపెట్టాను. ఎర్రవి నాలుగు, నీలివి మూడు. ఏడు అని పంపాను.

వెంటనే జవాబు వచ్చింది. "ఏడుతో కాల్వలోకి దిగొద్దు. ఆల్కోర్ దగ్గర కొను ముందు."